నగరం పొలిమేరల్లో – 9: డియర్‌బోర్న్, ఒకే ఊళ్లో రెండు చరిత్రలు

1919 వేసవి. మిషిగన్ రాష్ట్రంలో మౌంట్ క్లెమెన్స్ అనే చిన్న ఊరి కోర్టులో హెన్రీ ఫోర్డ్ సాక్షి బోనులో కూర్చున్నాడు. అప్పటికే ఆయన ప్రపంచంలోని అతి పెద్ద ధనవంతుల్లో ఒకడు. తనను అరాచకవాది అనీ, అజ్ఞాని అనీ రాసినందుకు షికాగో ట్రిబ్యూన్ పత్రిక మీద పరువునష్టం దావా వేసింది ఆయనే. పత్రిక తరఫు వకీళ్లు మాత్రం ఆయనకు చదువు లేదని నిరూపించడానికే కంకణం కట్టుకున్నారు. అమెరికాలో విప్లవం ఎప్పుడు జరిగిందని అడిగారు. ఫోర్డ్ 1812లో అన్నాడు. బడిపిల్లలకు కూడా తెలిసిన 1776 ఆయన నోట రాలేదు. చివరికి కేసు గెలిచాడు, కానీ జ్యూరీ ఆయన పరువుకు కట్టిన వెల ఆరు సెంట్లు.

అంతకు మూడేళ్ల ముందు, 1916లో, ఇదే పత్రిక విలేకరితో చరిత్ర అంటే చాలా మటుకు చెత్తేనని ఫోర్డ్ తేల్చేశాడు. అలాంటి మనిషి ఆ తర్వాత పదేళ్లకు అమెరికాలోనే అతి పెద్ద చరిత్ర ప్రదర్శనశాలల్లో ఒకదాన్ని తన సొంత ఊళ్లో కట్టించాడు. ఆ ఊరే డియర్‌బోర్న్.

గత భాగంలో షికాగో పక్కనున్న ఓక్ పార్క్ వీధుల్లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన ఇళ్లు చూశాం. ఈసారి మిషిగన్ సరస్సు దాటి తూర్పుకు, డెట్రాయిట్‌కు నైరుతి దిక్కున ఆనుకుని ఉన్న ఈ ఊరికి వచ్చాం. జనాభా 2020 లెక్కల ప్రకారం లక్షా పది వేలకు కాస్త తక్కువ. షికాగో నుంచి ఆమ్‌ట్రాక్ రైలెక్కితే నేరుగా ఇక్కడ దిగవచ్చు. నోవై, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి శివారు ఊళ్లలో మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు నోవై వేంకటేశ్వరాలయం చూశాక తరచుగా వచ్చేది డియర్‌బోర్న్‌కే. వాళ్లలో చాలామంది ఫోర్డ్ మ్యూజియం చూసి, కార్ల ముందు ఫొటోలు దిగి తిరిగి వెళ్లిపోతారు. అక్కడితో ఆగితే ఊరిలో సగమే చూసినట్టని చెప్పడానికే ఈ భాగం.

ఫోర్డ్‌కు ముందు

ఇప్పుడు మిషిగన్ అవెన్యూ అని పిలిచే పెద్ద రోడ్డు ఒకప్పుడు ఆదివాసీ తెగలు నడిచిన కాలిబాట. డెట్రాయిట్ నుంచి షికాగో వైపు వెళ్లే సాక్ బాట అది. తెల్లవాళ్లు దాన్ని సైనిక రహదారిగా వెడల్పు చేశారు. 1830ల్లో దాని పక్కనే అమెరికా సైన్యం ఆయుధాగారం కట్టింది. విప్లవ యుద్ధంలో పోరాడి, జెఫర్సన్ హయాంలో యుద్ధ మంత్రిగా పనిచేసిన హెన్రీ డియర్‌బోర్న్ పేరే ఈ ప్రాంతానికి వచ్చింది. ఆయుధాగారం అధికారి నివసించిన ఇటుక ఇల్లు ఇప్పటికీ మిషిగన్ అవెన్యూ మీద ఉంది. ఊరి చరిత్ర మ్యూజియంలో అదీ ఒక భాగం. రద్దీ రోడ్డు పక్కన ఉండటంతో చాలామంది గమనించకుండా దాటిపోతారు. ఫోర్డ్ పుట్టకముందు ఇక్కడ ఏముందో చెప్పే పాత కట్టడాల్లో అదొకటి కాబట్టి, పది నిమిషాలైనా ఆగాలి.

చుట్టూ పొలాలు. ఆ పొలాల్లో ఒకటి విలియం ఫోర్డ్‌ది. ఐర్లండ్ నుంచి వచ్చిన రైతు ఆయన. 1863 జులై 30న పెద్ద కొడుకు హెన్రీ పుట్టాడు. హెన్రీకి పొలం పని గిట్టలేదు, యంత్రాలంటే ప్రాణం. పన్నెండేళ్ల వయసులో, 1876లో, తల్లి మేరీ చనిపోయింది. ఆ దెబ్బ ఆయన్ను జన్మంతా వదల్లేదు. డియర్‌బోర్న్‌లో ఇవాళ మనం చూసే మ్యూజియానికి బీజం ఆ దుఃఖంలోనే పడిందని నా నమ్మకం.

తవ్వి తీసిన పింగాణీ ముక్కలు

కోర్టులో అవమానం జరిగిన 1919లోనే ఇంకో సంగతి జరిగింది. రోడ్డు వేయడానికి ఫోర్డ్ పుట్టిన ఇల్లు అడ్డొచ్చింది. ఆయన దాన్ని కూల్చనివ్వకుండా రెండు వందల అడుగులు పక్కకు జరిపించాడు. తర్వాత అమ్మ బతికుండగా, 1876లో ఎలా ఉండేదో అచ్చం అలాగే చేయించడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఉన్న పొయ్యి ఏ రకమో గుర్తుంది, కానీ అలాంటిది దొరకడం లేదు. మనుషుల్ని ఊరూరా తిప్పి వెతికించాడు. అమ్మ వడ్డించిన పళ్లేల మీద ఏ పువ్వుల బొమ్మ ఉండేదో తేల్చడానికి ఇంటి చుట్టూ నేల తవ్వించి, విరిగిన పింగాణీ ముక్కలు ఏరించాడు. ఆ ముక్కల్ని చూపించి సరిగ్గా అదే డిజైను పళ్లేలు చేయించాడు. పాత కట్టడాలు తెచ్చి ఫోర్డ్ నెలకొల్పిన ఆరుబయలు మ్యూజియం పేరు గ్రీన్‌ఫీల్డ్ విలేజ్. 1944లో ఆ ఇంటినే అక్కడికి తరలించారు. ఇప్పుడు మనం భోజనాల బల్ల మీద చూసే పళ్లేల వెనక ఉన్న కథ ఇది.

పుట్టిన ఇంటితోనే ఆయన ఆగలేదు. తాను చదువుకున్న స్కాచ్ సెటిల్‌మెంట్ బడి, ఇంగ్లండు నుంచి ఒక రాతి కుటీరం, ఇలినాయ్ నుంచి లింకన్ వకీలుగా వాదించిన కోర్టు భవనం, నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్ ఇల్లు — ఒక్కొక్కటీ ఊడదీసి, తెచ్చి, మళ్లీ నిలబెట్టాడు. 1938 నాటికి రైట్ సోదరుల ఇల్లు, వాళ్ల సైకిళ్ల దుకాణం ఒహాయోలోని డేటన్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. దుకాణాన్ని సరిగ్గా పూర్వంలాగే అమర్చడంలో ఆర్విల్ రైట్ స్వయంగా సాయం చేశాడు. మనిషిని గాలిలోకి ఎత్తిన విమానం భాగాలు తయారైన గది అది. మామూలు సైకిల్ రిపేరు షాపులా ఉంటుంది. అది చూశాక గొప్ప పనులకు గొప్ప భవనాలు కావాలన్న భ్రమ పోతుంది.

నేలకు మేకులు కొట్టిన కుర్చీ

ఫోర్డ్‌కు ఎడిసన్ అంటే దేవుడు. ఎడిసన్ విద్యుద్దీపం వెలిగించిన మెన్లో పార్క్ ప్రయోగశాల న్యూజెర్సీలో శిథిలమైపోయింది. మిగిలిన చెక్కలు, సామాను ఏరి తెప్పించి, దాన్ని డియర్‌బోర్న్‌లో మళ్లీ కట్టించాడు. భవనం కింద న్యూజెర్సీ మట్టే ఉండాలని రైలు పెట్టెల్లో ఆ ఎర్రమట్టి కూడా తెప్పించాడు. ఎడిసన్ వచ్చి చూసి, అంతా బాగుంది గానీ మా నేల ఇంత శుభ్రంగా ఎన్నడూ లేదు అన్నాడని ఇప్పటికీ చెబుతారు.

1929 అక్టోబరు 21. విద్యుద్దీపానికి యాభై ఏళ్లు నిండిన రోజు. అధ్యక్షుడు హూవర్, మేరీ క్యూరీ, ఆర్విల్ రైట్ లాంటి అతిథులు డియర్‌బోర్న్‌లో దిగారు. ఎనభై రెండేళ్ల ఎడిసన్ ఆ ప్రయోగశాల మేడ మీద కుర్చీలో కూర్చుని దీపం వెలిగించే ఘట్టాన్ని మళ్లీ నటించి చూపాడు. రేడియోలో దేశమంతా విన్నది. ఎడిసన్ లేచాక ఫోర్డ్ ఆ కుర్చీని ఎక్కడున్నది అక్కడే నేలకు మేకులతో బిగించేయించాడు. ఇప్పటికీ అది అలాగే ఉంది. ప్రయోగశాల మేడ మెట్లు ఎక్కితే గోడల నిండా రసాయనాల సీసాలు, మధ్యలో ఆ కుర్చీ. కాళ్ల దగ్గర మేకులు కనిపిస్తాయి.

కాలాన్ని కదలకుండా బిగించేయాలన్న ఆశ ఆ మేకుల్లో ఉంది. కానీ సరిగ్గా మూడు రోజుల తర్వాత, అక్టోబరు 24న, న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. దేశాన్ని మహా మాంద్యం కమ్మేసింది. విలేజ్‌లో పాత కాలాన్ని నిలబెట్టిన మనిషికే, తన ఫ్యాక్టరీ గేటు ముందు కొత్త కాలం ఎదురు నిలిచింది. అటు వెళ్లే ముందు మ్యూజియం లోపలికోసారి వెళ్లొద్దాం.

టేకు నేల మీద అమెరికా

విలేజ్ పక్కనే ఉన్న మ్యూజియం ముఖద్వారం ఫిలడెల్ఫియాలోని ఇండిపెండెన్స్ హాల్‌కు నకలు. లోపల ఎకరాల కొద్దీ పరిచిన టేకు చెక్క నేల. 1941 నాటి అలెఘెనీ ఆవిరి ఇంజను దాదాపు 125 అడుగుల పొడవు. దాని చక్రాల పక్కన నిలబడితే పెద్దవాళ్లు కూడా చిన్నపిల్లల్లా కనిపిస్తారు. 1963లో డల్లాస్‌లో హత్యకు గురైనప్పుడు కెన్నెడీ ప్రయాణిస్తున్న లింకన్ కారు ఇక్కడే ఉంది. ఆ హత్య తర్వాత దాన్ని మరమ్మతు చేయించి, పైకప్పు వేయించి, 1977 దాకా అధ్యక్షులు వాడారు. ఎడిసన్ ఆఖరి శ్వాస ఉందని చెప్పే మూతవేసిన గాజు గొట్టం కూడా ఉంది. ఎడిసన్ కొడుకు ఫోర్డ్‌కు ఇచ్చిన జ్ఞాపిక అది.

రెండు వస్తువుల దగ్గర మాత్రం తొందరపడకుండా ఆగాలి. ఒకటి 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్ నాటకశాలలో తన మీద కాల్పులు జరిగినప్పుడు లింకన్ కూర్చున్న ఊగుడు కుర్చీ. 1929లో ఫోర్డ్ వేలంలో కొన్నాడు. తల ఆనే చోట గుడ్డ మీద ముదురు మరక ఉంటుంది. వచ్చినవాళ్లంతా నెత్తురు అనుకుంటారు. నిజానికి అది ఆ కుర్చీలో కూర్చున్న వేరే మనుషుల తలనూనె మరక. మ్యూజియం ఆ సంగతి దాచకుండా చెబుతుంది. చరిత్రను చూసే పద్ధతికి మంచి పాఠం అది. మనం చూడాలనుకున్నది ఒకటి, ఎదురుగా ఉన్నది మరొకటి.

రెండోది పసుపు, తెలుపు, ఆకుపచ్చ రంగుల సిటీ బస్సు. అలబామాలోని మాంట్‌గొమరీలో తిరిగిన 2857 నంబరు బస్సు. 1955 డిసెంబరు 1 సాయంత్రం రోసా పార్క్స్ తెల్లవాడి కోసం సీటు ఖాళీ చేయనన్నది ఇందులోనే. ఆమె అరెస్టు, ఆ తర్వాత ఏడాదికి పైగా సాగిన బస్సుల బహిష్కరణ అమెరికా పౌరహక్కుల ఉద్యమానికి దారి వేశాయి. బస్సు మాత్రం సర్వీసు అయిపోయాక ఏళ్ల తరబడి ఒక పొలంలో తుప్పుపట్టింది. 2001లో మ్యూజియం దాన్ని వేలంలో 4,92,000 డాలర్లకు కొని బాగుచేసింది. ఇప్పుడు ఎవరైనా లోపలికెక్కి సీట్లో కూర్చోవచ్చు. సీట్లు చిన్నవి, వరసలు ఇరుకు. పక్కన నిలబడ్డ మనిషి మీదికి వంగి లేవమంటే, కాదనడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఆ ఇరుకులో కూర్చుంటేనే తెలుస్తుంది.

రోసా పార్క్స్ 1957లో అలబామా వదిలి డెట్రాయిట్‌కు వచ్చేసింది. 2005లో అక్కడే కన్నుమూసింది. ఆమె డెట్రాయిట్‌లో ఇల్లు వెతుక్కున్న రోజుల్లో డియర్‌బోర్న్‌లో నల్లవాళ్లకు ఇల్లు దొరికేది కాదు. ఆ కథ మ్యూజియం గోడల బయట ఉంది.

రూజ్: ఇనుప రాయి లోపలికి, కారు బయటికి

మ్యూజియం దగ్గరే బస్సెక్కితే కొద్ది నిమిషాల్లో రూజ్ ఫ్యాక్టరీ వస్తుంది. 1915లో ఫోర్డ్ రూజ్ నది ఒడ్డున రెండు వేల ఎకరాలు కొన్నాడు. 1917లో పనులు మొదలై 1928 దాకా సాగాయి. వాస్తుశిల్పి ఆల్బర్ట్ కాన్ గీసిన నమూనాలతో ఒకటిన్నర మైలు పొడవు, మైలు వెడల్పున 93 భవనాలు లేచాయి. సుపీరియర్ సరస్సు వైపు నుంచి ఓడల్లో ఇనుప ఖనిజం వచ్చేది. ఇక్కడే కరిగించి ఉక్కు చేసేవారు, ఇక్కడే గాజు పోసేవారు, సొంత విద్యుత్కేంద్రం నడిచేది, ఆవరణలో రైలు పట్టాలే వంద మైళ్లు. ఒక వైపు నుంచి రాయి లోపలికి పోతే మరో వైపు నుంచి కారు బయటికొచ్చేది. 1930ల్లో లక్షకు పైగా మనుషులు ఇక్కడ పనిచేశారు.

ఇప్పుడు యాత్రికులు చూసేది ఎఫ్-150 ట్రక్కుల బిగింపు. పైనుంచి వెళ్లే నడవా మీద నడుస్తూ కిందికి చూస్తే, కదిలే పట్టీ మీద ట్రక్కులు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. తలుపులు ఊడదీసి వేరే వరసలో పంపుతారు, లోపలి సామానంతా బిగించాక అవే తలుపులు వెతుక్కుంటూ వచ్చి అదే ట్రక్కుకు తగులుకుంటాయి. ఫ్యాక్టరీ పైకప్పు మీద పది ఎకరాలకు పైగా సీడమ్ అనే దళసరి ఆకుల మొక్కలు పెంచారు. వాన నీటిని పీల్చుకుని నదిలోకి మురికి పోకుండా ఆపే ఏర్పాటు అది. ఒకప్పుడు నదిని నల్లగా మార్చిన చోటే ఇలాంటి పని జరగడం సంతోషించాల్సిన విషయం.

మిషిగన్ వచ్చే మన ఇంజనీర్లు ఈ ఫ్యాక్టరీని ఉత్పత్తి విధానానికి పుట్టినిల్లుగా చూస్తారు. అది నిజమే. కానీ ఇదే ఫ్యాక్టరీ పక్కన సాగే మిల్లర్ రోడ్డు మీద జరిగింది తెలియకపోతే ఆ విధానానికి కట్టిన వెల తెలియదు.

మిల్లర్ రోడ్డు

1932 మార్చి 7. మాంద్యం మూడో చలికాలం. ఫోర్డ్ పనిలోంచి తీసేసిన వేలాది కార్మికుల ఇళ్లలో పొయ్యి వెలగడం లేదు. ఆ రోజు డెట్రాయిట్ నుంచి కనీసం మూడు వేల మంది రూజ్ ఫ్యాక్టరీ వైపు ఊరేగింపుగా నడిచారు. అడిగినవి పెద్ద కోరికలు కావు. తీసేసినవాళ్లకు పని, చలికాలానికి బొగ్గు, ఇళ్ల జప్తు ఆపడం, నల్లవాళ్లకూ సమానంగా పని. డెట్రాయిట్ పొలిమేర దాకా ఊరేగింపు ప్రశాంతంగా సాగింది. డియర్‌బోర్న్ హద్దు దాటగానే పోలీసులు బాష్పవాయువు వదిలారు. గడ్డకట్టే చలిలో నీళ్ల గొట్టాలతో కొట్టారు. ఆఖరికి తుపాకులు పేలాయి. పోలీసులతో పాటు ఫోర్డ్ సొంత భద్రతా దళం, దాని నాయకుడు హ్యారీ బెన్నెట్ అక్కడున్నారు. నలుగురు చనిపోయారు. వాళ్లలో జో బుసెల్‌కు పదహారేళ్లే.

తర్వాతి రోజుల్లో డెట్రాయిట్‌లో పదుల వేల మంది శవయాత్రలో నడిచారు. రూజ్ కనిపించేంత దూరంలోని వుడ్‌మియర్ శ్మశానంలో నలుగురినీ పక్కపక్కనే పూడ్చారు. గాయాలతో కొన్ని నెలల తర్వాత కర్టిస్ విలియమ్స్ కూడా పోయాడు. నల్లజాతివాడన్న కారణంతో ఆయనకు ఆ శ్మశానంలో చోటివ్వలేదు. అందరికీ సమానంగా పని అడిగిన ఊరేగింపులో గాయపడ్డ మనిషికి, చావులో కూడా సమానత్వం దక్కలేదు.

ఆ నెత్తురు ఆరకముందే, ఏప్రిల్‌లో, మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా డెట్రాయిట్‌కు వచ్చాడు. ఫోర్డ్ కొడుకు ఎడ్సెల్ ఇచ్చిన డబ్బుతో డెట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్ మ్యూజియం గోడల మీద ఇరవై ఏడు చిత్రాలు వేశాడు. 1933లో పూర్తయిన ఆ చిత్రాల్లో రూజ్ యంత్రాలు, వంగిన వీపులు, బిగిసిన చేతులు గోడల నిండా ఉన్నాయి. కారులో ఇరవై నిమిషాల దూరం. రూజ్ చూశాక ఆ హాల్లో నిలబడితే, యంత్రాల మధ్య మనుషుల్ని రివేరా ఎంత పెద్దగా చూశాడో అర్థమవుతుంది.

ఐదేళ్ల తర్వాత మళ్లీ మిల్లర్ రోడ్డే. 1937 తొలి నెలల్లో జనరల్ మోటార్స్, క్రైస్లర్ కంపెనీలు కార్మిక సంఘాన్ని గుర్తించాయి. ఫోర్డ్ ససేమిరా అన్నాడు. మే 26న సంఘం నాయకులు వాల్టర్ రూథర్, రిచర్డ్ ఫ్రాంకెన్‌స్టీన్, మరికొందరు నాలుగో గేటు ముందున్న నడక వంతెన మీద నిలబడ్డారు. షిఫ్టు మారే వేళ కరపత్రాలు పంచాలని వచ్చారు. పత్రికల ఫొటోగ్రాఫర్లు నవ్వమన్నారు, వాళ్లు నవ్వారు. వెనక నుంచి బెన్నెట్ మనుషులు వచ్చి పడ్డారు. ఫ్రాంకెన్‌స్టీన్ కోటును తల మీదికి లాగి, చేతులు కదలనీయకుండా చితకబాదారు. రూథర్‌ను మెట్ల మీదుగా కిందికి విసిరేశారు. కరపత్రాలు తెచ్చిన ఆడవాళ్లనూ వదల్లేదు. తర్వాత కెమెరాల మీద పడి ఫొటో పలకలు లాక్కున్నారు. డెట్రాయిట్ న్యూస్ ఫొటోగ్రాఫర్ జేమ్స్ కిల్‌పాట్రిక్ అసలు పలకల్ని కారు వెనక సీటు కింద దాచి, ఖాళీవి చేతికిచ్చాడు. ఆ ఫొటోలు దేశమంతా అచ్చయ్యాయి. కంపెనీ చెప్పిన మాట ఎవరూ నమ్మలేదు.

మరో నాలుగేళ్లు పట్టింది. 1941 ఏప్రిల్‌లో రూజ్ కార్మికులు సమ్మె కట్టారు. జూన్‌లో సంఘంతో ఒప్పందం మీద ఫోర్డ్ సంతకం పెట్టక తప్పలేదు. ఆ సమ్మెలో దెబ్బలాటను తీసిన ఫొటోకే 1942లో మొట్టమొదటి ఫొటోగ్రఫీ పులిట్జర్ వచ్చింది. అమెరికాలో ఫ్యాక్టరీ కార్మికుడు సొంత ఇల్లు కట్టుకుని, పిల్లల్ని కాలేజీకి పంపగలిగిన కాలం ఇలాంటి ఒప్పందాల మీద నిలబడింది. ఆ కాలాన్ని సాధించినవాళ్లు ఈ రోడ్డు మీద దెబ్బలు తిన్నారు.

ఫోర్డ్ జీవితంలో మనకు పరిచయమైన ఘట్టం కూడా ఆ 1941లోనే మొదలైంది. గాంధీజీని మెచ్చుకుంటూ ఫోర్డ్ ఉత్తరం రాశాడు. జవాబుగా గాంధీజీ తన సంతకంతో ఒక చరఖా పంపించాడు. లోకానికి కదిలే పట్టీ నేర్పిన మనిషి చేతికి, చేత్తో తిప్పే రాట్నం అందింది.

అదే ఫోర్డ్ 1920 నుంచి ఏళ్ల తరబడి డియర్‌బోర్న్ ఇండిపెండెంట్ అనే తన పత్రికలో యూదుల మీద విషం చిమ్మించాడు. దావా పడ్డాక 1927లో క్షమాపణ చెప్పి పత్రిక మూసేశాడు గానీ, ఆ రాతలు అప్పటికే సముద్రాలు దాటిపోయాయి. పొగిడేవాళ్లు దీన్ని వదిలేస్తారు. వదలకూడదు.

రూజ్ నదికి ఎగువన, చెట్ల మధ్య ఆయన ఇల్లు ఫెయిర్ లేన్ ఉంది. తోట దారులు నడవడానికి హాయిగా ఉంటాయి. నది నీటితో నడిచిన సొంత విద్యుత్కేంద్రం అక్కడి విశేషం. 1947 ఏప్రిల్ 7న నదికి వరదొచ్చి కరెంటు పోయింది. ఎడిసన్ ఆప్తుడైన ఫోర్డ్ ఆ రాత్రి కొవ్వొత్తుల, కిరోసిన్ దీపాల వెలుగులో కన్నుమూశాడు.

ముప్ఫై ఆరేళ్ల మేయరు

ఫోర్డ్ నల్లవాళ్లకు పనిచ్చాడు. ఆ రోజుల్లో మిగతా కార్ల కంపెనీల కంటే ఎక్కువగానే ఇచ్చాడు, అందులో చాలామందికి దక్కింది కొలిమి దగ్గరి పనే అయినా. కానీ పని దొరికిన ఊళ్లో ఇల్లు దొరకలేదు. వాళ్లు పక్క ఊరు ఇంక్‌స్టర్‌లో కాపురముండి, రోజూ డియర్‌బోర్న్ వచ్చి పనిచేసి వెళ్లేవారు.

1942 నుంచి 1978 దాకా ఆర్విల్ హబ్బర్డ్ ఇక్కడ మేయరు. చెత్త ఎత్తడం, మంచు తీయించడం, పార్కులు కట్టడం వంటి పనుల్లో దిట్ట కాబట్టి జనం మళ్లీ మళ్లీ గెలిపించారు. నల్లవాళ్లను ఊళ్లోకి రానివ్వననీ బాహాటంగా చెప్పుకున్నాడు. 1956లో, రోసా పార్క్స్ ఊళ్లో బస్సుల బహిష్కరణ సాగుతున్నప్పుడే, మాంట్‌గొమరీ పత్రికతో మాట్లాడుతూ తాను అన్ని విధాలా పూర్తి వేర్పాటు కోరేవాణ్నని ప్రకటించాడు. ఆ ఊరి బస్సు ఇప్పుడు ఆయన ఊళ్లో ఉంది. ఆయన విగ్రహాన్ని 2015లో పాత సిటీ హాలు ముందు నుంచి తీసేశారు, 2020లో ఊరే దాటించారు.

యెమెన్ నుంచి, లెబనాన్ నుంచి

ఇక చివరి అధ్యాయం. నాకు డియర్‌బోర్న్ మీద ప్రేమ పుట్టించింది ఇదే.

1914లో ఫోర్డ్ రోజుకు ఐదు డాలర్ల కూలి ప్రకటించాడు. ఆ కబురు లెబనాన్, సిరియా, యెమెన్ దాకా పాకింది. పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు మొదట హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీ దగ్గర, తర్వాత రూజ్ తెరిచాక దాని గోడ పక్కనే డిక్స్ రోడ్డు చుట్టూ స్థిరపడ్డారు. ఆ పేటను సౌత్ ఎండ్ అంటారు. ఫ్యాక్టరీ మసి రోజూ ఆ ఇళ్ల కిటికీల మీద పడేది. 1930ల్లోనే అక్కడ మసీదు లేచింది. 1970ల మొదట్లో హబ్బర్డ్ పాలనలోని నగరం అక్కడి ఇళ్లు కొనేసి, కూల్చి, పారిశ్రామిక వాడ చేయాలని చూసింది. ఆ పేదవాళ్లు కోర్టుకెక్కారు. పేట నిలిచింది. ఆ తర్వాత లెబనాన్ అంతర్యుద్ధం, ఇరాక్ యుద్ధాలు, యెమెన్ కల్లోలం మరిన్ని కుటుంబాలను ఇక్కడికి తరిమాయి. ఇప్పుడు ఊరి జనాభాలో సగానికి పైగా అరబ్బు మూలాలవాళ్లే. 2021 ఎన్నికల్లో అబ్దుల్లా హమూద్ గెలిచి, ఈ ఊరికి తొలి అరబ్ అమెరికన్ మేయరయ్యాడు. హబ్బర్డ్ కూర్చున్న కుర్చీ అది.

మిషిగన్ అవెన్యూ మీద, పాత సిటీ హాలుకు ఎదురుగా 2005లో తెరిచిన అరబ్ అమెరికన్ నేషనల్ మ్యూజియం ఉంది. గుమ్మటం కింద ఫౌంటెన్ ఉన్న ప్రాంగణం, పైన వలస వచ్చినవాళ్ల సూట్‌కేసులు, కాగితాలు, పనిముట్లు. ఫోర్డ్ మ్యూజియంలో రోజంతా గడిపినవాళ్లు ఇక్కడ రెండు గంటలైనా ఉండాలి. అక్కడ కారు ఎవరు చేయించారో తెలుస్తుంది, ఇక్కడ కారు ఎవరు బిగించారో తెలుస్తుంది.

సాయంత్రం వారెన్ అవెన్యూ. అటూ ఇటూ అరబ్బీ బోర్డులు. బేకరీల్లో పెద్ద పళ్లేల నిండా పిస్తా పరిచిన బక్లావా, వేడి వేడి కునాఫా. పొద్దున పూట వెళితే జాతర్ పొడి, నూనె రాసి కాల్చిన మనాకిష్ రొట్టె. డిక్స్ వైపు యెమెనీ హోటళ్లలో మాంసం, అన్నం కలిపి వండే మందీ దొరుకుతుంది. హైదరాబాద్ బార్కస్‌లో మందీ తిన్నవాళ్లకు ఆ రుచి కొత్త కాదు. నిజాం సైన్యంలో చేరిన యెమెనీలు బార్కస్‌లో స్థిరపడ్డారు, ఫోర్డ్ కొలిమిలో చేరినవాళ్లు డియర్‌బోర్న్‌లో. ఒకే దేశపు మనుషులు, రెండు సుదూర వలసలు, ఒకే వంట.

ఎలా చూడాలి

గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ ఏప్రిల్ నుంచి శరదృతువు దాకా తెరిచి ఉంటుంది. చలికాలంలో మ్యూజియం ఉంటుంది గానీ విలేజ్ సందర్శన మామూలుగా ఉండదు, కాబట్టి ఎండాకాలంలో వెళ్లండి. విలేజ్‌లో ఆవిరి ఇంజను రైలు, పాత మోడల్ టీ కారు ఎక్కడం పిల్లలకు పండగ. నడక ఎక్కువ, పెద్దవాళ్లు రైలెక్కి ఒక చుట్టు చుట్టి, ప్రయోగశాల, సైకిళ్ల దుకాణం, ఫోర్డ్ పుట్టిన ఇల్లు చూస్తే చాలు. విలేజ్‌కు ఒక రోజు, మ్యూజియం, రూజ్ కలిపి రెండో రోజు ఉంచుకోండి. రూజ్ నుంచి తిరిగి వచ్చాక మిల్లర్ రోడ్డు మీదుగా ఒకసారి కారు నడపండి. ఆ తర్వాత అరబ్ మ్యూజియం, వారెన్ అవెన్యూ.

ఫోర్డ్ తెచ్చి పెట్టిన చరిత్ర గొప్పదే. ఆయన లేకపోతే రైట్ సోదరుల దుకాణం, లింకన్ కోర్టు ఏమయ్యేవో చెప్పలేం. అందుకు ఆయనకు రుణపడి ఉండాలి. కానీ టికెట్టు కొని చూసే ఆ చరిత్రలో 1932 నాటి ఊరేగింపు లేకపోతే, ఇంక్‌స్టర్ నుంచి వచ్చిన కార్మికుడు లేకపోతే, సౌత్ ఎండ్ మసీదు లేకపోతే అది సగం చరిత్రే. శివారు ఊరంటే పెద్ద నగరం పక్కన నిద్రపోయే ఇళ్ల వరస అనుకుంటాం. డియర్‌బోర్న్ ఆ మాట అబద్ధమని నిరూపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో జీతం ఎంత, సంఘం ఉండాలా, ఎవరి పక్కన ఎవరు బతకాలి అన్న పెద్ద తగవులన్నీ ఈ శివారు వీధుల్లోనే తేలాయి. కొన్ని ఇంకా తేలుతున్నాయి.

వచ్చే భాగంలో మళ్లీ మిషిగన్ సరస్సు అంచుకు వెళదాం. 1906లో ఇసుక దిబ్బల మీద ఒక ఉక్కు కంపెనీ తన కోసం కట్టుకున్న ఊరు, ఇండియానా రాష్ట్రపు గేరీ. ఉక్కు కోసం పుట్టిన ఊరికి ఉక్కు పని తగ్గిపోయాక ఏమైందో అక్కడ చూద్దాం.